చంకన కట్టుకున్న గాలి

నేను నీళ్ల అడుగున పనిచేసేవాడినని తెలియగానే పిల్లలు ముందు మొసళ్ల గురించి అడుగుతారు, తర్వాత దయ్యాల గురించి. మొసళ్లను గద్వాల వైపు కృష్ణ ఒడ్డున రాళ్ల మీద పడుకుని ఉండగా చూశాను గాని, కింద ఒక్కటీ ఎదురుపడలేదు. దయ్యాల సంగతి చెప్పలేను, ఆ బురద నీళ్లలో నా చెయ్యే నాకు కనిపించేది కాదు. అయితే అసలు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఒక్కడివే దిగినప్పుడు వీపు మీది సిలిండరులోంచి గాలి ఆగిపోతే రెండో గాలి ఎక్కడినుంచి తెచ్చుకుంటావు? ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. అడిగితే ఒక పూటంతా కూర్చోబెట్టి చెప్పేవాడిని. అడగలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను, ఈ పనిలోకి రావాలనుకునే కుర్రాళ్లు కాస్త ఓపిక పట్టండి.

మాది వనపర్తి వైపు మెట్ట ఊరు. మా పెద్దలు నీళ్ల కోసం భూమిలోకి దిగారు గాని, నీళ్లలోకి దిగి బతికినవాళ్లు మా వంశంలో ఎవరూ లేరు. వీపుకు బెండు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్న నేను, పెద్దయ్యాక సముద్రం ఒడ్డున సిలిండరు కట్టుకుని మునగడం నేర్చుకుని తిరిగొచ్చాను. డ్యాముల మరమ్మతులు చేసే ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర చేరాను. గేట్ల అడుగున రబ్బరు పట్టీలు చూడడం, పంపుహౌసుల్లోకి నీళ్లు వెళ్లే చోట చెత్తను ఆపే ఇనుప కడ్డీల జాలీకి పట్టిన గుర్రపుడెక్క, తెగిన వలలు కోసి తీయడం మా పని. మా అమ్మ ఉన్నన్నాళ్లూ "నా కొడుకు నీళ్ల పని చేస్తడు" అని చెప్పుకునేది. ఊళ్లోవాళ్లు నేను నల్లా బిల్లులు వసూలు చేస్తాననుకునేవాళ్లు.

మేం ఎప్పుడూ ఇద్దరం దిగేవాళ్లం. నా జోడీ గద్వాల మనిషి, నాకంటే బాగా చిన్నవాడు. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాడిని. నోరు మూసుకుని ఉండలేడు, నీళ్లలో కూడా బుడగలతో ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. మా సిలిండర్లకు మేం పీల్చే గొట్టం కాక ఇంకో గొట్టం వేలాడుతూ ఉండేది. నా గాలి అయిపోతే అతని రెండో గొట్టం నా నోట్లోకి, అతనిది అయిపోతే నాది అతని నోట్లోకి. ఏళ్ల తరబడి పక్కన మనిషి ఉండడంతో ఆ ఏర్పాటు గురించి ఆలోచించే అవసరమే రాలేదు.

ఒక చలికాలం అతను జలుబుతోనే దిగి చెవి పాడుచేసుకున్నాడు. మళ్లీ మునిగితే వినికిడి పూర్తిగా పోతుందని దవాఖానలో చెప్పారు. అప్పటినుంచి అతను పైన తాడు పట్టుకునే మనిషి అయ్యాడు. ఇంకొక మునిగేవాడి కోసం కాంట్రాక్టరు వెతుకుతూనే ఉన్నాడు. ఇంతలో వానాకాలం దగ్గరపడింది. కొల్లాపూర్ దగ్గర, డ్యాము వెనుక నిలిచే నీళ్లలో ఒక పంపుహౌసు జాలీ పూర్తిగా మూసుకుపోయింది. అది శుభ్రం చేయనిదే మోటార్లు నడవవు, మోటార్లు నడవనిదే కాలువలోకి చుక్క రాదు.

అక్కడి ఇంజనీరు మంచి మనిషి. ఒంటరిగా దిగనంటే బలవంతం లేదనీ, ఆలస్యానికి తానే జవాబు చెప్పుకుంటాననీ అన్నాడు. ఒడ్డున యంత్రం పెట్టి, పొడుగాటి పైపులో గాలి పంపే పద్ధతి ఉంది. ఇప్పుడు అలాగే చేస్తున్నారు, చేయాలి కూడా. అప్పుడు మా దగ్గర ఆ సరంజామా లేదు. నేను కాస్త గడువు అడిగాను. రెండో గాలి సంగతి తేలితే దిగుతాను, తేలకపోతే లేదు అన్నాను. రైతులు నార్లు పోసుకుని ఎదురుచూస్తున్నారన్న మాట నిజమే, నాలో పౌరుషమూ లేకపోలేదు. కానీ నన్ను అన్నిటికంటే గట్టిగా పట్టుకున్నది ఆ ప్రశ్నే. ఒక మనిషి తనకు తానే జోడీ కావాలంటే ఎలా? అన్నం తింటున్నా అదే ఆలోచన, బస్సెక్కినా అదే.

మొదట చేతికందిన దారి, ఉన్న సిలిండరుకే ఉన్న రెండో గొట్టాన్ని నమ్ముకోవడం. ఒక గొట్టం పాడైతే ఇంకొకటి ఉంటుంది కదా అన్నాను. తమ్మి వెంటనే కొట్టిపారేశాడు.

"ఒక్క బాయికి రెండు మోటర్లు వెట్టినట్టుంది అన్నా. బాయి ఎండితే రెండూ ఎండినట్టే గద."

అది మా ప్రాంతంలో ఎవరికైనా అనుభవమే కాబట్టి ఆ ఆలోచన అక్కడే వదిలేశాను. రెండో గాలి అంటే వేరే సిలిండరు, గాలిని తెరిచి మూసే వేరే మూత, వేరే గొట్టం. మొదటిదానితో ఏ సంబంధమూ ఉండకూడదు. ఇంతవరకు తేలింది.

తర్వాత అతనే ఫోనులో ఒక వీడియో చూపించాడు. నీలం సముద్రంలో ఒక విదేశీయుడు నీళ్ల సీసా అంత బుల్లి సిలిండరును చేత్తో పట్టుకుని, దాని మూతినే నోట్లో పెట్టుకుని నవ్వుతూ పైకి తేలిపోతున్నాడు. తెలిసినవాళ్ల దగ్గర అలాంటిది ఒకటి అడిగి తెచ్చాం. పరీక్షకు ఉప్పునుంతల దగ్గర మా బామ్మర్ది పొలంలో బావి ఉంది. మోట కొట్టిన కాలం నాటి పెద్ద బావి. బోర్లు వచ్చాక దాన్ని పట్టించుకునేవాళ్లు లేరు, నీళ్లు మాత్రం నిండుగా ఉన్నాయి. అడుగున కూర్చుని ఆ బుల్లి సీసా పీల్చాను. మెత్తగా, హాయిగా వచ్చింది. హాయిగా ఉందనుకునే లోపలే అయిపోయింది. లోతుకు వెళ్లేకొద్దీ ఒక్కో శ్వాసకు ఖర్చయ్యే గాలి పెరుగుతుంది. పంపుహౌసు జాలీ అడుగు ఆ బావికి రెండింతల లోతు. ఆ సీసా సముద్రంలో నవ్వేవాళ్లకు సరిపోతుందేమో గాని, జాలీ మధ్య ఇరుక్కున్నవాడు వల కోసుకునేదాకా ఆగదు. దాన్ని తుడిచి ఇచ్చేశాం.

వీపు మీద రెండు పెద్ద సిలిండర్లు కట్టుకోవచ్చన్న మాట కూడా వచ్చింది. కట్టుకుని చూశాను. జాలీకి, గోడకి మధ్య సందులో నేను పట్టలేదు. ఆ విషయంలో నా పొట్ట తప్పు కూడా కొంత ఉందని తమ్మి అన్నాడు.

ఇక నాలుగో ఆలోచన మా పుట్టి మనిషిది. పుట్టి అంటే తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను, గంపలాగా గుండ్రంగా ఉండే పడవ. ఈయన సోమశిల వైపు చేపలు పట్టే పెద్దమనిషి, మా పని ఉన్నప్పుడు పుట్టి వేసుకుని వచ్చేవాడు. మా తర్జనభర్జన విని నవ్వాడు.

"గింతదానికి పరేషాన్ ఎందుకు బిడ్డా? ఎండకాలం మేము కల్లు సీసకు తాడు గట్టి నీళ్లల్ల ఇడుస్తం. సల్లగుంటది, చెయ్యేస్తే దొరుకుతది. నీ గాలి సీస గూడ గట్లనే ఇడుద్దాం."

మా ముగ్గురికీ అది తెగ నచ్చింది. బరువు నేను మోయక్కర్లేదు, సందులో అడ్డం రాదు, ఎంత పెద్ద సిలిండరైనా వేలాడదీయొచ్చు. ఇంత తేలిక ఉపాయం పెద్ద పెద్ద వాళ్లకు తట్టకపోవడం చూసి నాకు కొంచెం గర్వం కూడా కలిగింది. సోమశిల ఒడ్డున లోతు తక్కువున్న చోట ప్రయత్నించాం. నా నడుముకు కట్టిన తాడు తమ్మి చేతిలో, సిలిండరు తాడు పుట్టి అంచుకు. నేను దిగి కాస్త దూరం జరిగి, తిరిగొచ్చి సిలిండరు కోసం చెయ్యి చాపితే లేదు. అటు చాపాను, ఇటు చాపాను, లేదు. చివరికి అది వచ్చి నా నెత్తికి తగిలింది.

జరిగింది ఇదీ. కల్లు సీసాను నీళ్లలో వదిలేది పుట్టి ఒడ్డున కట్టేసి ఉన్నప్పుడు. నీళ్ల మీద వదిలిన పుట్టి ఒక చోట నిలబడదు, తెడ్డు వేసినా వెయ్యకపోయినా గుండ్రంగా తిరుగుతుంది. అది దానికి పుట్టుకతో వచ్చిన గుణం. అది తిరిగినప్పుడల్లా రెండు తాళ్లూ జడ అల్లినట్టు అల్లుకుపోయాయి. పైకి లాగితే నేనూ సిలిండరూ కవల పిల్లల్లాగా ఒకేసారి వచ్చాం. రోజూ ఆ పుట్టిలో తిరిగే మాకు ముగ్గురికీ అది తిరుగుతుందన్న సంగతి తట్టలేదు. పెద్దమనిషి ఆ సాయంత్రమంతా తాళ్ల చిక్కు విప్పుతూ కూర్చున్నాడు. ఆ రోజునుంచి పని దగ్గర పుట్టిని రెండు వైపులా ఇనుప కమ్మీలకు కట్టడం మాత్రం అలవాటు చేసుకున్నాం.

అలా తిరిగి తిరిగి చివరికి ఒకే దారి మిగిలింది. చిన్న సిలిండరు, దానికి సొంత మూత, సొంత గొట్టం, గాలి ఎంతుందో చూపించే సొంత ముల్లు. అది ఒంటి మీదే ఉండాలి, పక్కన, చంక కింద. రెండు సైజులు దొరికాయి, ఒకటి చేతి సంచిలో పట్టేంత, ఇంకొకటి దానికి రెండింతలు. సహజంగానే నా మనసు చిన్నదాని వైపు మొగ్గింది. మళ్లీ బామ్మర్ది బావికి పోయాం.

మొదటి మునకలో కళ్లు మూసుకుని పక్క సీసా గొట్టం కోసం వెతికితే దొరకలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. పైకి వచ్చి సైకిల్ ట్యూబు ముక్క కోసి, గొట్టం మూతిని మెడ కింద తాయెత్తులాగా వేలాడేటట్టు కట్టుకున్నాను. గడ్డం వంచితే పెదవులకు తగిలేది. మూత తెరిచి ఉంచాలా, మూసి ఉంచాలా అన్నది ఇంకో తగాదా. మూసి ఉంచితే గాలి కారిపోదు, కానీ ఊపిరాడని వేళ దాన్ని తిప్పే తెలివి ఉంటుందా? తెరిచే ఉంచాలని తేల్చుకున్నాను. ముల్లును చూసి సరిపెట్టుకోకుండా, దిగే ముందు ప్రతిసారీ దాన్నుంచి నాలుగు గుటకలు పీల్చి చూడడం నియమం పెట్టుకున్నాను. ముల్లు బాగానే ఉండి గొట్టం మూసుకుపోయిన సందర్భాలు ఉంటాయి.

అన్నీ కుదిరాక అడుగున కూర్చుని చిన్న సీసానుంచి పీలుస్తూ, ముల్లు ఎంత నెమ్మదిగా దిగుతోందో చూశాను. చాలా నెమ్మదిగా దిగుతోంది. లోతు లెక్క వేసుకున్నా సరిపోతుంది. మనసులో బేరం కుదిరిపోయింది. సరిగ్గా అప్పుడే రాళ్ల సందులోంచి ఒక నీరుకట్టె పాము బయటికి వచ్చి, నా మొహం ముందునుంచి తీరిగ్గా ఈదుకుంటూ పోయింది.

నీరుకట్టెకు విషం లేదని నాకు తెలుసు. చిన్నప్పుడు వాటిని తోక పట్టుకుని గిరగిరా తిప్పినవాడిని. అయినా నీళ్లలో, మొహానికి కట్టుకున్న అద్దంలోంచి చూస్తే అది నా చెయ్యంత లావు కనిపించింది. నేనేం కదల్లేదు, ధైర్యంగానే ఉన్నాననుకున్నాను. అది పోయాక ముల్లు చూస్తే దాదాపు అడుగుకు వచ్చి ఉంది. పైకి రాగానే మా బామ్మర్ది గట్టు మీదినుంచి అడిగాడు.

"ఏమైంది బావా? ఎసరు మరిగినట్టు మరిగినయి నీళ్లు."

బావి మెట్ల మీద కూర్చుని నేను చాలాసేపు ఆ ముల్లునే చూశాను. నిజం చెప్పాలంటే పాము మీద కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. ఇంతవరకు నేను నెమ్మదిగా ఉన్నప్పుడు నాకెంత గాలి కావాలో కొలుచుకున్నాను. గాబరాపడినప్పుడు ఎంత కావాలో ఇప్పుడే తెలిసింది. రెండో గాలి అవసరమయ్యేది గాబరాలోనే కదా. నెమ్మదిగా ఉన్నవాడికి దాంతో పనేముంది? ఇంత తేలిక విషయం తెలియడానికి ఒక పాము రావాల్సి వచ్చింది. ఆ పూటే పెద్ద సీసా తీసుకున్నాను.

అది ఎడమ చంక కింద కట్టుకుని నిలబడితే తమ్మి నవ్వు ఆపుకోలేకపోయాడు. పిల్లగాణ్ని చంకనేసుకుని కూలికి పోతున్నట్టున్నానన్నాడు. కూలికే కదా పోయేది అన్నాను.

పని మొదలైన రోజు మోటార్ల కరెంటు తీయించి, ఎవరూ పెట్టకుండా తాళం వేయించి, తాళంచెవి తమ్మి తన జేబులో వేసుకున్నాడు. పుట్టిని రెండు వైపులా కట్టేశాం. పైనుంచి కొత్త నీళ్లు రావడం మొదలైంది, కృష్ణ ఎర్రగా ఉంది. నడుము తాడు సంకేతాలు మరోసారి చెప్పుకున్నాం. ఒక్కసారి గుంజితే బాగున్నాను, రెండుసార్లు గుంజితే ఆగు, మూడుసార్లు గుంజితే లాగు. పక్క సీసానుంచి నాలుగు గుటకలు పీల్చి చూసుకుని దిగాను.

కొంత లోతు దాటాక చీకటే. చేతులే కళ్లు. కడ్డీలను తడుముతూ, చేతికి తగిలిన నారను కత్తితో కోస్తూ, ముద్దలు ముద్దలుగా వదిలేస్తూ పోయాను. మొదటి వరుస అయింది, రెండోది అయింది. అడుగున ఒక పెద్ద నైలాను వల, ఎప్పుడో ఎవరో పోగొట్టుకున్నది, జాలీకి అతుక్కుని ఉంది. దాన్ని ముందునుంచి కోస్తున్నాను. వెనక మెడ దగ్గర కూడా ఏదో తగిలినట్టుంది గాని పట్టించుకోలేదు. ముందుకు గుంజి కోయడం, మళ్లీ గుంజి కోయడం. కాసేపటికి గాలి బరువుగా వచ్చింది. సన్నటి గొట్టంతో చిక్కటి మజ్జిగ పీలుస్తున్నట్టు అనిపించింది. ఇంకో గుటకకు అదీ రాలేదు.

కారణం తర్వాత తెలిసింది. తెగిన వల తాడు ఒకటి నా వీపు మీది సిలిండరు మూతకు చుట్టుకుంది. నేను ముందుకు గుంజుకున్నప్పుడల్లా అది మూతను కొంచెం కొంచెం తిప్పుతూ వచ్చింది. అంటే నా గాలిని నేనే కట్టేసుకున్నాను. సిలిండరులో సగానికి పైగా గాలి ఉంది. ఆ సిలిండరుకు పది గొట్టాలున్నా నాకు ఒక్క గుటక దొరికేది కాదు.

ఆ క్షణంలో ఇదంతా తెలియదు. గాలి లేదన్నదొక్కటే తెలుసు. గడ్డం దానంతటదే వంగింది, పెదవులు మెడ కింద వేలాడే పక్క సీసా గొట్టాన్ని పట్టుకున్నాయి. సగం నీళ్లు, సగం గాలి వచ్చాయి. దగ్గాను, మళ్లీ పీల్చాను. గాలి వచ్చింది.

పైకి పోదామని కాళ్లు తన్నితే వెనక్కి గుంజింది. మెడ వెనక వల పట్టేసింది. మూడుసార్లు తాడు గుంజితే పైవాళ్లు బలం కొద్దీ లాగుతారు, లాగితే వల ఇంకా బిగుస్తుంది. తాడు మీద చెయ్యి వేసి కూడా రెండుసార్లే గుంజాను. ఆగు. తమ్మి ఆగాడు. ఒంట్లో ప్రతి నరమూ లాగమంటున్నా తాడును ఊరకే పట్టుకుని కూర్చున్నానని తర్వాత చెప్పాడు. తన ఉద్యోగంలో అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

చెయ్యి మెడ వెనక్కి పెట్టి, కనిపించని తాళ్లను కత్తితో తడుముతూ కోశాను. నా శ్వాస నాకే వినపడుతోంది, పరిగెత్తి వచ్చిన కుక్క రొప్పినట్టు రొప్పుతున్నాను. నెమ్మదిగా పీల్చు అని నాకు నేను చెప్పుకున్నాను. ఒంట్లో వినేవాళ్లు ఎవరూ లేరు. చిన్న సీసా అయి ఉంటే వలలో రెండో తాడు కోసేటప్పటికే అయిపోయేది, అందులో నాకు సందేహం లేదు. మూడో తాడు తెగాక ఒళ్లు వదులైంది. అప్పుడు మూడుసార్లు గుంజాను. ఊపిరి బిగబట్టకుండా వదులుతూ, తాడు లాగే వేగంతోనే పైకి వచ్చాను. చీకటి ఎర్రగా మారింది, ఎరుపు పలచబడింది, నెత్తికి ఎండ తగిలింది.

తమ్మి, పెద్దమనిషి ఇద్దరూ చంకల్లో చేతులు వేసి నన్ను పుట్టిలోకి లాగారు. తమ్మి నా మొహం మీది అద్దం తీసేశాడు. ఏమైందని అడిగాడు, నేను తల ఊపాను. నోట్లో గొట్టం తీయబోతే అతని చేతిని నెట్టేశాను. మళ్లీ తీయబోయాడు, మళ్లీ నెట్టాను. పెద్దమనిషి అతని భుజం మీద చెయ్యి వేసి వదిలేయమన్నట్టు సైగ చేశాడు. ఎదురుగా పంపుహౌసు గోడ, మీద ఆకాశం, నీళ్ల మీదినుంచి జోరుగా గాలి. ఇంజనీరు గట్టు మీదినుంచి ఏదో అరుస్తున్నాడు. అవన్నీ చూస్తూ, వింటూ, పుట్టి అడుగున కాళ్లు చాపుకుని కూర్చుని, నేను సీసాలోని గాలే పీలుస్తున్నాను. బయటికి వచ్చానని కళ్లకు తెలుసు. నోటికి తెలియదు.

అలా ఎంతసేపు కూర్చున్నానో గాని, ఒక గుటక బరువుగా వచ్చింది. తర్వాతిది రాలేదు. నడి ఎండలో, పట్టపగలు, ముగ్గురు మనుషులు చూస్తుండగా, నీళ్ల అడుగున పుట్టిన భయమే మళ్లీ నన్ను పట్టుకుంది. ఇంకా గట్టిగా పీల్చాను, చెంపలు లోపలికి పోయాయి. తమ్మి నా దవడ పట్టుకుని, పళ్ల మధ్యనుంచి గొట్టాన్ని ఊడబెరికాడు.

"అయిపోయింది అన్నా. బయటున్నవ్. నోరు తెరిచి పీల్చుకో."

తెరిచాను.